గుర్రపుడెక్కకు మందు: చెరువుల దగ్గర తెలుసుకున్నవి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని పొలాల్లో కలుపు గురించి రైతులకు చెప్పడం. వరి, పత్తి, మొక్కజొన్న. చెరువు కలుపు నా దగ్గరికి మత్స్య సంఘాల వాళ్ల ద్వారా వచ్చింది. గుర్రపుడెక్క కమ్మేసి వల విసరడానికి సందు లేకుండా పోయిందని వాళ్లు వచ్చి కూర్చుంటే కాదనలేక మొదలుపెట్టాను. రిటైరయ్యాక కూడా ఆ పని వదల్లేదు. ఇప్పుడు సర్పంచులు, కొత్తగా చేరిన ఏఈఓలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: "సార్, ఏ మందు కొట్టమంటారు?" మందు పేరు చెప్పడం తేలికే. అంతకుముందు తేల్చుకోవాల్సినవి, కొట్టాక చేయాల్సినవి చాలా ఉన్నాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా చెరువు కట్టల మీద తిరుగుతూ నేర్చుకున్నవి, చదివి సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. ఆకు నీటి పైన ఉందా, లోపల ఉందా?

చెరువులో పెరిగేదంతా ఒకే జాతి కాదు. గుర్రపుడెక్క, అంతరతామర నీళ్ల మీద తేలుతాయి. జమ్ము, తూటికాడ అంచుల్లో వేళ్లూని పైకి లేస్తాయి. నాచు, ముఖ్యంగా హైడ్రిల్లా, నీటి లోపలే పెరుగుతుంది. ఆకు మీద పడి లోపలికి దిగే మందులు మొదటి రెండు రకాలకే పనికొస్తాయి. నాచున్న చోట గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొడితే అది నీళ్లలో పలచబడిపోతుంది. నాచు ఎక్కడిదక్కడే ఉంటుంది, డబ్బు పోతుంది.

అమెరికాలో నాచుకు ఫ్లూరిడోన్ అనే మందును చెరువు నీళ్లన్నిటిలో కలిపి, ఆ మోతాదు తగ్గకుండా వారాల తరబడి నిలబెడతారు. ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి అలా వాడాక హైడ్రిల్లా ఆ మందుకు లొంగడం మానేసింది. నిజానికి అది అక్కడి మొక్క కాదు. 1950లలో అక్వేరియం వ్యాపారం పుణ్యమా అని మన ఆసియా వైపు నుంచి అక్కడికి చేరింది. ఇక్కడ నాచు తగ్గించుకోవడానికి మనకు గడ్డిచేప ఉంది. 1959లో మన దేశానికి తెచ్చిన చేప అది. హైడ్రిల్లాను ఇష్టంగా మేస్తుంది, గుర్రపుడెక్కను మాత్రం పెద్దగా ముట్టదు.

తామరను, కలువను కలుపు లెక్కలో వేయకండి. తామర పూలు, ఆకులు కోసుకుని బతికే కుటుంబాలున్న చెరువులో గ్లైఫోసేట్ కొడితే అది గుర్రపుడెక్కతో పాటు తామరనూ చంపుతుంది.

2. ఒక మొక్కను గట్టు మీదికి లాగి చూడండి

గుర్రపుడెక్కను దూరం నుంచి చూస్తే పచ్చని తివాచీ, ఊదా పూలు. ఒక మొక్కను పైకి లాగి చూడండి. కాడ మధ్యలో ఉబ్బి ఉంటుంది. కత్తితో నిలువునా చీలిస్తే లోపల అంతా బెండు, అరలరలుగా గాలి. అందుకే అది మునగదు. కింద నల్లటి వేళ్లు కుచ్చులుగా వేలాడుతుంటాయి. మాన్సోనియా దోమ పిల్లలు ఆ వేళ్లకే గుచ్చుకుని గాలి పీల్చుకుంటాయి. బోదకాలు రోగాన్ని మోసే దోమల్లో అదొకటి. మొక్క పక్క నుంచి ఒక తీగ సాగి, చివర పిల్ల మొక్క ఉంటుంది. ఆ పిల్లకు అప్పుడే ఇంకో తీగ పుట్టి ఉంటుంది. వేడి, నీళ్లలో సత్తువ కుదిరితే రెండు వారాల్లో మొక్కలు రెట్టింపవుతాయి. గింజలు అడుగు బురదలో 15, 20 ఏళ్లు కూడా ప్రాణంతో ఉంటాయి.

అమెజాన్ ప్రాంతపు ఈ మొక్కను పూల అందం చూసి లోకమంతా మోసుకుపోయారు. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్ చేరి, పడవలు కదలకుండా చేసింది, వరి పొలాల మీదికి ఎక్కింది. 1921లో అక్కడి ప్రభుత్వం దీని మీద జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1936లో ఈ ఒక్క మొక్క కోసం చట్టమే చేసింది.

ఇక బరువు లెక్క చూడండి. దట్టంగా అల్లుకున్న చోట చదరపు మీటరుకు 40 నుంచి 50 కిలోలు తూగుతుంది. అంటే ఎకరానికి 160 నుంచి 200 టన్నులు, అందులో 90 శాతానికి పైగా నీళ్లే. ట్రాక్టర్ ట్రాలీకి 4 టన్నులు వేసుకున్నా ఎకరానికి 40, 50 ట్రిప్పులు. ఎకరం, రెండెకరాల కుంట అయితే మందు మాట ఎత్తకండి, ఊరంతా కలిసి దిగి తీసేయండి. ఎనభై, వంద ఎకరాల చెరువు పూర్తిగా మూసుకుపోయినప్పుడు చేతులతో, జేసీబీతో మాత్రమే అయ్యే పని కాదు. మందు అవసరం అక్కడ వస్తుంది. అలాంటి చోట మందును ముట్టనే ముట్టొద్దనే వాదనతో నేను ఏకీభవించను. చెరువు మూసుకుపోవడం కూడా చేపకు, మనిషికి హానే.

3. చెరువును ఎవరెవరు వాడుతున్నారో ముందు రాసుకోండి

కాగితం తీసుకుని కట్ట పొడవునా ఒకసారి నడవండి. చాకలి రేవు ఎక్కడ, బర్రెలు ఎక్కడ దిగుతాయి, తాగునీటి బావి చెరువుకు ఎంత దూరం, తూము కింద ఎవరి నారుమళ్లున్నాయి, ఏ పొలంలో కూరగాయలున్నాయి, అన్నీ రాయండి. తర్వాత గ్రామసభ. మందు కొట్టే రోజు, దాని పేరు, ఎన్నాళ్లు నీళ్లు ముట్టకూడదో డప్పు చాటింపు వేయించండి. పంచాయతీ బోర్డు మీద కాగితం అంటిస్తే సరిపోదు. చదవనివాళ్ల బర్రెలే ముందు నీళ్లకు దిగుతాయి.

లేబుల్ మీద చెప్పిన గడువు దాకా తూము ఎత్తొద్దు. బతుకమ్మకు ముందు వారాల్లో ఈ పని అసలు పెట్టుకోకండి. ఆడవాళ్లు, పిల్లలు నీళ్లలోకి దిగే రోజులవి.

ఒక ఊళ్లో మాట్లాడుతుంటే మత్స్య సంఘం పెద్దమనిషి లేచి అన్నాడు: "సారూ, మీరు గడ్డికి మందు కొడ్తరు. గడ్డి సచ్చి కుళ్లితే నా చాపకు గాలి అందదు. మరి దాని సంగతేంది?" నేను చదివిన పుస్తకాల్లో పేజీల కొద్దీ ఉన్న విషయం అతను రెండు ముక్కల్లో చెప్పేశాడు. తర్వాతి పాఠం అతని మాటే.

4. ఒకేసారి మూడో వంతుకు మించొద్దు

చేపలు చచ్చేది చాలాసార్లు మందు విషంతో కాదు, గాలి అందక. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి.

గుర్రపుడెక్క కప్పేసిన నీళ్లలో అసలే ఆక్సిజన్ తక్కువ. ఎండ లోపలికి దిగదు, గాలి నీటిని కదిలించలేదు. అలాంటి చోట మొత్తం గడ్డిని ఒకేసారి చంపితే వందల టన్నుల పచ్చి మొక్క కుళ్లడం మొదలవుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తాగేస్తాయి. వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించదు. మన వేసవి నీళ్లు అంతకన్నా వెచ్చగానే ఉంటాయి.

తెల్లవారుజామున చెరువు దగ్గరికి వెళ్లండి. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు కాబట్టి ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండే సమయం అది. బొచ్చెలు, రవ్వులు నీటి అంచున మూతులు పైకెత్తి గుటకలు వేస్తున్నాయంటే ప్రమాదం వచ్చేసినట్టే. పెద్ద చేపలు ముందు పోతాయి. కొర్రమీను పైగాలి పీల్చగలదు కాబట్టి తట్టుకుంటుంది. కొర్రమీను బతికుందని నీళ్లు బాగున్నాయనుకోవద్దు.

ఒక పట్నం చెరువులో శుభ్రం చేసే పని గుత్తకు ఇచ్చారు. గుత్తేదారుకు ఎకరాల లెక్కన బిల్లు, పైగా గడువు దగ్గర పడింది. రెండు రోజుల్లో చెరువంతా కొట్టేసి బిల్లు పెట్టుకుని పోయాడు. వారం తిరిగేసరికి చేపలు తెల్లగా పొట్టలు తిరగేసి ఒడ్డున పేరుకున్నాయి. ఆ ఏడాది సంఘం వాళ్లకు పట్టడానికి ఏమీ మిగల్లేదు, నష్టపరిహారం ఇచ్చినవాళ్లు లేరు. పని ఎకరాల లెక్కన అప్పజెప్పకండి. విడతల లెక్కన అప్పజెప్పండి, మొదటి విడత కుళ్లు తీశాకే రెండో విడతకు డబ్బు.

నా పద్ధతి ఇది. చెరువును మూడు ముక్కలు చేసుకుని ఒక్కటే కొట్టాలి. ఒడ్డు నుంచి మొదలుపెట్టి లోతు వైపు పోవాలి, చేప తప్పించుకోవడానికి లోపల తెరపి నీళ్లుండాలి. రెండు వైపుల నుంచి మూసుకుంటూ రాకూడదు. రెండు వారాలకు తక్కువ కాకుండా ఆగి, ఆక్సిజన్ చూసుకుని, తర్వాతే రెండో ముక్క. ఆక్సిజన్ కొలిచే కిట్ పెద్ద ఖర్చు కాదు, సంఘం దగ్గర ఒకటి ఉండాలి. అన్నిటికన్నా మేలైన సమయం చేపలు పట్టేసిన తర్వాత, కొత్త పిల్లను వదలకముందు. మా వైపు అది ఎండాకాలం చివర. అప్పుడు పత్తి చేలు కూడా ఖాళీగా ఉంటాయి.

5. రెండు మందులు, రెండు స్వభావాలు

గుర్రపుడెక్క మీద లోకంలో ఎక్కువగా వాడినవి 2,4-డి, గ్లైఫోసేట్. వాటికి ముందు, 20వ శతాబ్దం మొదట్లో, అమెరికాలోని లూసియానా కాలువల్లో సోడియం ఆర్సెనైట్ కొట్టారు. గడ్డితో పాటు దాన్ని మేసిన పశువులూ చచ్చాయి. 2,4-డి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. అది మొక్క ఎదుగుదల హార్మోనును అనుకరిస్తుంది. కొట్టిన ఒకటి రెండు రోజులకే కాడలు మెలితిరిగి వంగిపోతాయి. వెడల్పాటి ఆకుల మొక్కల్ని చంపుతుంది, గడ్డిజాతిని పెద్దగా ఏమీ చేయదు. జమ్ము కూడా దానికి అంత తేలిగ్గా లొంగదు.

1974లో మార్కెట్లోకి వచ్చిన గ్లైఫోసేట్ నిదానం. మొక్క కొన్ని ముఖ్యమైన అమైనో ఆమ్లాలు తయారుచేసుకునే దారిని మూసేస్తుంది. వారం దాకా ఏమీ కానట్టే కనిపిస్తుంది, తర్వాత పసుపు తిరిగి ఎండుతుంది. పని చేయలేదని కంగారుపడి రెండోసారి కొట్టేవాళ్లను చాలామందిని ఆపాను. దీనికి వెడల్పాకు, గడ్డి అనే తేడా లేదు, పచ్చగా ఉన్నదల్లా పోతుంది.

లేబుల్ చదవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. మన దుకాణాల్లోని గ్లైఫోసేట్ టీ తోటలకు, పంట లేని ఖాళీ నేలలకు ఉద్దేశించింది. మందు ఆకుకు అంటుకోవడానికి అందులో కలిపే జిగురు పదార్థం చేప పిల్లలకు, కప్ప పిల్లలకు గ్లైఫోసేట్ కన్నా ఎక్కువ హాని చేసే రకం కావచ్చు. అమెరికాలో నీళ్లలో వాడే గ్లైఫోసేట్‌ను ఆ జిగురు లేకుండా వేరుగా తయారుచేస్తారు. డబ్బా మీది రంగు త్రికోణాన్ని చూసి ధైర్యపడకండి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనే ఆ వరుస మనిషి లాంటి క్షీరదాలకు ఎంత విషమో చెబుతుంది, చేపకు ఎంతో చెప్పదు.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని పురుగుల నియంత్రణ నిపుణులకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్‌ను బహుశా క్యాన్సర్ కలిగించే వాటిలో, 2,4-డిని కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ గ్లైఫోసేట్ విషయంలో ఆ మాట ఒప్పుకోలేదు. వాదన తేలేదాకా నేను చెప్పేది ఒక్కటే: తాగునీటికి వాడే చెరువులో ఏ కలుపుమందూ వద్దు. చేతులతోనో, యంత్రంతోనో తీయండి, ఎంత ఖర్చయినా.

6. గాలి ఎటు వీస్తోంది?

చెరువు శిఖం అంచున పత్తి చేలుంటాయి. పత్తికి 2,4-డి అంటే చచ్చేంత భయం. ఆవిరి తగిలినా చాలు, కొత్త ఆకులు సన్నగా చీలి బెండ ఆకుల్లా వస్తాయి, పూత రాలుతుంది. ఏదో కొత్త తెగులని రైతు పురుగుమందుల దుకాణానికి పరుగెత్తుతాడు. టమాటా, మిరప కూడా నిలవవు. 2,4-డిలో ఎస్టర్ రకం ఎండకు ఆవిరై కదిలిపోతుంది, కొట్టిన తర్వాత కూడా. అమైన్ రకం, సోడియం లవణం అంతగా కదలవు. చుట్టూ పంట ఉంటే ఎస్టర్ డబ్బా కొననే కొనకండి.

పొద్దున్నే, గాలి తగ్గి ఉన్నప్పుడు, తక్కువ ఒత్తిడితో, పెద్ద చుక్కలు పడే నాజిల్‌తో కొట్టాలి. పొగలా లేచే సన్నని తుంపర చూడ్డానికి బాగుంటుంది, అదే పక్క చేలో దిగేది. ఈ మధ్య డ్రోన్లు వచ్చాయి. మనిషి నీళ్లలో దిగకుండా పని అవుతుంది కాబట్టి మంచిదే, కానీ వాటి చుక్కలు సన్నవి. పంట చేను దగ్గరుంటే డ్రోన్‌తో కలుపుమందు వద్దనే నా సలహా. కొట్టాక ఆరు గంటల దాకా వాన రాకూడదు.

7. బురద నీళ్లతో కలపొద్దు

గట్టున కూర్చుని ఆ చెరువు నీళ్లే ముంచి పంపులో పోస్తుంటారు. నీళ్లు బురదగా ఉంటే గ్లైఫోసేట్ మట్టి రేణువులకు అతుక్కుని అక్కడే చచ్చుబడుతుంది. తేట నీళ్లు తెచ్చుకోండి. బోరు నీళ్లు బాగా కఠినంగా ఉన్నా మందు పదును తగ్గుతుంది.

8. పంపు మోసే మనిషి

థర్మకోల్ తెప్ప మీద నిలబడి పంపు కొట్టే కుర్రాడికి చొక్కా తప్ప ఏమీ ఉండదు. తెప్ప ఊగితే మందు ఒంటి మీద ఒలుకుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, లైఫ్ జాకెట్ ఇవ్వలేని వాళ్లు ఆ పని చేయించకూడదు. ఈత రానివాణ్ని ఎక్కించనే కూడదు. పని అయ్యాక సబ్బుతో స్నానం చేసి, బట్టలు విడిగా ఉతకాలి. 2,4-డి కొట్టిన పంపును మళ్లీ పత్తికి వాడొద్దు, ఎన్నిసార్లు కడిగినా గొట్టంలో కొంత మిగులుతుంది. ఖాళీ డబ్బాలను గుచ్చి పనికిరాకుండా చేయండి. నూనె పోసుకోవడానికి ఇళ్లకు తీసుకుపోయేవాళ్లను చూశాను.

9. ఎండిన గడ్డిని పైకి తీయాలి

మందు కొట్టి వదిలేస్తే గడ్డి అడుగుకు దిగుతుంది. అది బురదై చెరువు మెరక వేస్తుంది, అందులోని సత్తువంతా మళ్లీ నీళ్లలోకే వచ్చి కొత్త గడ్డికి మేత అవుతుంది. పసుపు తిరిగి బరువు తగ్గిన తర్వాత, మునగకముందే, తాళ్లతో ఒడ్డుకు లాగాలి. పల్లె చెరువులో, మందు కొట్టకుండా చేతితో తీసిన గడ్డి అయితే కంపోస్టుకు మంచిది. పట్నం మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువులో గడ్డి సీసం, కాడ్మియం లాంటి లోహాలను తనలోకి లాక్కుంటుంది. ఆ కంపోస్టు కూరగాయల మళ్లలో వేయకూడదు, ఆ గడ్డి పశువులకు పెట్టకూడదు.

10. మురుగు ఆగని చెరువులో మందు ఖర్చు దండగ

గుర్రపుడెక్క నత్రజని, భాస్వరం తిని పెరుగుతుంది. వాటిని చెరువులోకి పంపేది మన మురుగు కాలువ, మన పొలాల్లోంచి కొట్టుకొచ్చే ఎరువు. హైదరాబాద్ చెరువుల్లో ఏటా యంత్రాలు పెట్టి తీస్తున్నా మళ్లీ కమ్మడానికి కారణం ఇదే. మా వైపు కూడా ఊళ్లు పెరిగి, ఒకప్పుడు వాననీరు తెచ్చిన కాలువలే ఇప్పుడు మురుగు తెస్తున్నాయి. మందు కోసం నా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు మురుగు ఎక్కడ కలుస్తోందో చూపించమంటాను. చూపించలేకపోతే, ఆపడానికి తీర్మానం చేయకపోతే, మందు మోతాదు చెప్పను. దీని మీద నన్ను మొండివాడని అంటారు, అననీయండి.

11. పురుగులకు కొంత చోటు వదలండి

1980ల మొదట్లో గుర్రపుడెక్కను తినే రెండు రకాల ముక్కు పురుగులను విదేశాల నుంచి బెంగళూరుకు తెచ్చి, పరీక్షించి వదిలారు. నియోకెటినా వాటి జాతి పేరు. అర సెంటీమీటరు ఉంటాయి, ఆకు మీద చిన్న గుండ్రని మచ్చలు చేస్తూ గీరి తింటాయి, వాటి పిల్లలు కాడలోకి తొలుచుకుపోతాయి. బెంగళూరు చుట్టుపక్కల చెరువుల్లో కొన్నేళ్లలో బాగా పని చేశాయి. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద గడ్డి తగ్గడంలోనూ వీటి పాత్ర పెద్దది. పురుగులు వదిలిన మరుసటి నెలలోనే ఫలితం అడిగేవాళ్లకు ఇది పనికిరాదు, మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆకుల మీద ఆ మచ్చలు కనిపిస్తే మీ చెరువులో అవి ఉన్నట్టే. మందు కొట్టేటప్పుడు ఒక మూల తాడు కట్టి కొట్టకుండా వదిలేయండి, పురుగులు అక్కడికి చేరతాయి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ వాళ్లు ఈ పురుగుల మీద చాలాకాలంగా పని చేస్తున్నారు, వాళ్లకు రాయండి.

12. తొలకరికి మళ్లీ రావాలి

చెరువు శుభ్రమైందని ఫొటోలు దిగి వెళ్లిపోయిన చోట రెండేళ్లకు మళ్లీ అదే తివాచీ. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడుతుంది, ఆ తడి బురదలో పాత గింజలు మొలుస్తాయి. తొలకరి తర్వాత అంచుల వెంట నడిస్తే వేలెడు మొలకలు కనిపిస్తాయి. అప్పుడు చేత్తో పీకితే ఒక మనిషి ఒక పూటలో చాలా దూరం శుభ్రం చేస్తాడు. నీళ్లు నిండి అవి తేలాక అదే పనికి తెప్ప, పంపు, మందు కావాలి.

ఫ్లోరిడాలో ఒకప్పుడు లక్ష ఎకరాలకు పైగా గుర్రపుడెక్క ఉండేది. 1970ల నుంచి వాళ్లు పద్ధతి మార్చారు. కమ్మేదాకా ఆగి ఒకేసారి కొట్టడం మాని, ఏడాది పొడవునా చూసుకుంటూ చిన్న గుంపు కనిపించిన చోటే తీసేస్తూ వచ్చారు. విస్తీర్ణం కొన్ని వేల ఎకరాలకు దిగింది, మొత్తం మీద మందు వాడకం తగ్గింది, అడుగున పేరుకునే కుళ్లు తగ్గింది.

మన చెరువులకు దీన్ని ఇలా చేసుకోవచ్చు. నీరటి పని చేసే మనిషికో, సంఘంలో ఒక కుర్రాడికో నెల జీతం మీద అంచులు చూసే బాధ్యత ఇవ్వండి. పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, ఏ మూల, ఎంత గడ్డి, పీకారా కొట్టారా, ఏ మందు, డబ్బా మీది బ్యాచ్ నంబరు, ఎంత మోతాదు, గాలి ఎటు, తర్వాతి తెల్లవారుజామున చేపలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ అందులో ఎక్కాలి. సర్పంచు మారినా, ఏఈఓ బదిలీ అయినా ఆ రిజిస్టరు ఊళ్లోనే ఉండాలి. ఒక కాపీ మత్స్య సంఘం దగ్గర కూడా ఉంచండి.